తిరుచ్చులి చెరువు గట్టున

మన ఇళ్ళలో దీపం పెట్టిన తర్వాత పాము మాట ఎత్తరు. ఎత్తక తప్పనప్పుడు "పురుగు" అంటారు. పాము కరిచిందనరు, "పురుగు ముట్టింది" అంటారు. మన ఇరుగుపొరుగు తమిళులదీ ఇదే ఆచారము. వారు "పూచ్చి" అంటారు. పెద్దల భయభక్తులను మేము తప్పు పట్టము. కాని రెండు భాషలలోనూ ఎన్నో పేర్లు ఉండి కూడా మన నోట ఒక్క పేరూ రాని జంతువు ఇదొక్కటే. తాచయినా పురుగే, జెర్రిపోతయినా పురుగే, చెరువులో కప్పలను పట్టుకొనే నీరుకట్టె అయినా పురుగే. మనిషిని చంపేదీ పురుగే, ఎలుకలను తిని మన ధాన్యము కాపాడేదీ పురుగే.

ఈ విషయము మాకు ఊరికే తోచలేదు. 18 ఏండ్ల క్రిందట మా ఇంటావిడ తమ్ముడు సాయంకాలము పత్తిచేను నుండి వస్తూ ఉండగా కాలికి ఏదో ముట్టినది. చూచినవారు "చిన్న పురుగే, జానెడు కూడా లేదు" అన్నారు. చిన్నది కనుక పెద్ద భయము లేదని ఊరివారు ఆకుపసరు పోసి, మంత్రము వేయించి పడుకోబెట్టినారు. తెల్లవారేసరికి చిగుళ్ళ నుండి రక్తము కారుతున్నది. ఆస్పత్రికి చేర్చినారు గాని అప్పటికే మించిపోయినది. కరిచినది ఏ పామో ఈనాటికీ ఆ ఇంట ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత మా ఇంటావిడకు పాము మాత్రమే కాదు, తొండ, బల్లి, కప్ప ఏది కనిపించినా గుండె దడే.

ఈ ఏడు దీపావళి వానలకు మా వీధిలోకి ఒక పొడుగుపాటి పాము వచ్చినది. నలుగురు చేరి కొట్టి చంపినారు. ఆమె దూరము నుండే ఆ చచ్చినదాని వైపు చాలాసేపు చూచి, "ఏమండీ, ఇది కరిచి చంపేదేనా?" అని అడిగినది. అక్కడ ఉన్నవారిలో ఒక్కరికీ తెలియదు. తర్వాత పుస్తకము తిరగవేసి చూస్తే అది విషము లేని జెర్రిపోతు, తమిళులు సారైపాంబు అనేది. ఆ రాత్రి ఆమే అన్నది: "ఇన్నేళ్ళు చూడకుండానే భయపడినాము. ఒకసారి చూచి భయపడితే ఏమి?"

ఆ మాట మీద కార్తీకమాసములో ఒక ఆదివారము అరుప్పుకోట నుండి తిరుచ్చులి బస్సు ఎక్కినాము. చీలమండలు కప్పే బూట్లు, రెండు చేతికర్రలు, ఒక టార్చిలైటు, పులిహోర, పెరుగన్నము మా సామాను. పట్టుకోవడము గాని తాకడము గాని లేదు, చూడడమే అని ముందే ఒప్పందము చేసుకొన్నాము. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము చెప్పేదీ అదే కదా.

తిరుచ్చులి మన వారికి కొత్త ఊరు కాదు. చుట్టూ కరిసల్ నేల, అంటే నల్లరేగడి. ఎండలో బీటలు వారి, వానలో కాలికి బంకలా పట్టుకొంటుంది. పక్కనే గుండారు ఉన్నది గాని సంవత్సరములో ఎక్కువ కాలము అందులో ఇసుకే. పైర్లకు ఆధారము కణ్మాయిలు, అనగా మన చెరువులు. బీళ్ళ నిండా సీమకరువేలము అనే ముళ్ళచెట్టు అల్లుకొన్నది. ఇటువంటి ఎండుభూమిలో చూడవలసినవి ఏముంటవి అని బయలుదేరేటప్పుడు మాకూ అనుమానమే.

బస్సు దిగి ఊరు దాటగానే కంచె మీద మొదటి దర్శనము తొండది. గొంతు ఎర్రగా చేసుకొని తల ఊపుతున్నది. దీనిని చూస్తే మన పిల్లలు రాయి అందుకొంటారు. రామునికి దాహమయితే ఉడుత మంచి నీరు తెచ్చినదనీ, తొండ అపచారము చేసినదనీ తమిళనాట ఒక కథ ఉన్నది, ఆ కథే రాళ్ళకు అనుమతి. ఆ ఎరుపు రక్తము పీల్చినందువల్ల వచ్చినది కాదు. మగది పోటీదారును బెదిరించడానికి, ఆడదాన్ని ఆకర్షించడానికి వేసుకొనే రంగు. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అని మన సామెత. సామెతగా బాగానే ఉన్నది గాని, తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లిది వేరే వంశము.

బీడు మీద నడుస్తూ ఉండగా కాలి ముందు నుండి వేలెడు పొడవున్న సన్నని బల్లి ఒకటి పరుగు తీసి, రాయి ఎక్కి నిలబడినది. నేల రంగే దాని రంగు, కదలకపోతే కనబడదు. ఇందులో మగదానికి గొంతు క్రింద మడతపెట్టిన విసనకర్ర వంటి తోలు ఉంటుంది. జత కూడే ఋతువులో దానిని విప్పి మూసి ఆడిస్తుంది. మాకు విప్పి చూపలేదు. ఈ తెగకు చెందిన తమిళనాటి జాతులకు 2016లో శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టినారు. ఒకదానికి "విసిరి" అనీ, ఇంకొకదానికి "మరుదం నెయ్దల్" అనీ. విసిరి అంటే తమిళములో విసనకర్ర. మరుదము, నెయ్దల్ అన్నవి సంగ సాహిత్యములోని పంటభూమి, సముద్రతీరము. మేము చూచినది వీటిలో ఏదో తేల్చడము మా చదువుకు మించిన పని. కాని పక్కింటి భాషలోని మాటలు లోకమంతటి శాస్త్రగ్రంథములకు ఎక్కినవని తెలిసి ఇద్దరమూ సంతోషించినాము.

చెరువు గట్టు ఎక్కేచోట ఎండుటాకుల క్రింద నుండి నున్నగా మెరుస్తూ ఒక నలికిరి జారిపోయినది. "అరణై కడిచ్చా మరణం" అని తమిళ సామెత. ఇంటావిడ రెండడుగులు వెనక్కు వేసినది. నిజానికి నలికిరికి విషమే లేదు. సామెతకు ప్రాస కుదిరినది, పాపము నలికిరికి పేరు చెడినది.

చెరువులో సగము నీళ్ళు. గట్టు దిగగానే మా అడుగుల చప్పుడుకు చిన్న కప్పలు నీటి మీద రాయి విసిరినట్లు ఎగిరెగిరి దాటిపోయినవి. నీటిలో మునగకుండా పైపైన గెంతడము వీటి విద్య. గడ్డిలో ఒక గోదురుకప్ప కూర్చున్నది, పిడికిటికి మించినది, ఆకుపచ్చ వీపు మీద సన్నని పసుపుగీత. తొలి వానల్లో మగవి పచ్చని పసుపు రంగుకు తిరిగి, రెండు బుగ్గలూ నీలము చేసుకొని అరుస్తవి. మేము వెళ్ళినప్పటికి ఆ పెళ్ళివేషము తీసివేసినట్లున్నవి. ఒకప్పుడు వీటి కాళ్ళు కోసి పడమటి దేశములకు ఎగుమతి చేసేవారు. పైర్ల మీది పురుగులను తినేవి కప్పలే అని గుర్తించి, 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది. వానలు లేకపోతే రోకలికి కప్పను కట్టి నీళ్ళు పోసి ఊరేగించే ఆచారము తెలుగునాట ఉన్నది. కప్పకూ వానకూ చుట్టరికము ఉన్నదని మన పెద్దలు గమనించిన మాట నిజము.

నీటి అంచున గళ్ళచీర వంటి ఒంటితో ఒక పాము తల ఎత్తినది. ఇంటావిడ చెయ్యి బిగుసుకొన్నది. "ఉండవే, అది నీరుకట్టె" అన్నాము. తమిళములో తణ్ణీర్‌పాంబు. పట్టుకొంటే కరుస్తుంది గాని విషము లేదు. మేము చూస్తూ ఉండగానే అది ఒక కప్పను అందుకొని మింగసాగినది. కప్ప అరుపు వినలేక ఆమె చెవులు మూసుకొన్నది, కళ్ళు మాత్రము మూయలేదు. అంతసేపు ఒక పామును చూడడము ఆమె జన్మలో అదే మొదటిసారి. ఆవలి ఒడ్డున మొద్దు మీద ఎండ కాగుతున్న తాబేలు ఒకటి మా గొంతు విని నీళ్ళలోకి దొర్లినది.

మధ్యాహ్నము ఎండకు ఊళ్ళోకి వచ్చి తిరుమేనినాథస్వామి కోవెల దగ్గర అన్నము తిన్నాము. సుందరమూర్తి నాయనారు పాడిన క్షేత్రమిది. 1879 డిసెంబరు 30న శ్రీ రమణ మహర్షి పుట్టిన ఊరూ ఇదే. ఆ ఇంటిని సుందరమందిరమని పిలుస్తారు. వేంకటరామన్ అన్న పిల్లవాడు అరుణాచలము చేరిన తర్వాత, 1907లో ఆయనకు రమణుడని పేరు పెట్టినది మన తెలుగువాడైన కావ్యకంఠ గణపతి ముని. మహర్షి అరుణాచలము కొండ గుహలలో ఉన్న రోజులలో అక్కడ పాములూ తేళ్ళూ తిరిగేవి. వాటిని చంపనిచ్చేవారు కారు. అది వాటి ఇల్లు, మనము వచ్చి చేరిన అతిథులము, వాటిని బాధపెట్టే హక్కు మనకు లేదు అనేది ఆయన భావము. కోవెల నీడలో ఈ మాట తలచుకొంటూ ఉండగా ఇంటావిడ అన్నది: "ఆయన మహర్షి కనుక సరిపోయినది. చేనిలో చెప్పులు లేకుండా నడిచే మనిషికి ఆ మాట చాలునా?" మాకు వెంటనే జవాబు తోచలేదు.

పేర్ల ప్రసంగము వచ్చినది కనుక ఒక సంగతి చెప్పవలెను. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 18వ శతాబ్ది చివర విశాఖపట్టణములో ఉండి, కోరమండల తీరపు పాములను సేకరించి, వాటి బొమ్మలతో 1796లో పెద్ద గ్రంథము ప్రకటించినాడు. ఆయన ఆ పాములకు లాటిను పేర్లు కల్పించడానికి బదులు మన తెలుగువారు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరములలో అచ్చు వేసినాడు. రక్తపింజరకు అందులో "కాటుకరేకుల పొడ" అని ఉన్నది. దానినే తర్వాత లోకము రస్సెల్ పాము అన్నది. ఆయన "బంగారుపాము" అని వ్రాసుకొన్న పసుపు నలుపు కట్ల పాము పేరు నుండే 1803లో కట్లపాముల వంశమంతటికీ "బంగారస్" అని శాస్త్రనామము వచ్చినది. పరదేశి ఒకడు మన నోటి నుండి విని వ్రాసుకొన్న పేర్లను మనము పురుగు అన్న ఒక్క మాట క్రింద పూడ్చిపెట్టినాము.

మూడు గంటలకు మళ్ళీ గట్టు చేరినాము. మేకలు తోలుతున్న ఒక ముసలాయన మమ్ములను చూచి "ఎన్న తేడుఱీంగ?" అని అడిగినాడు. పాములు, కప్పలు వెతుకుతున్నామంటే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకొన్నాడు. తర్వాత తానే గురువయినాడు. రాళ్ళ సందులో వేలాడుతున్న కుబుసము చూపి సారైపాంబుది అన్నాడు. అది ఆమె ఎత్తును మించి ఉన్నది. గట్టు మీద బొరియ దగ్గర చప్పుడు చేయకుండా నిలబెట్టినాడు. కాసేపటికి చీలిన నాలుక ముందుగా, తర్వాత తల, తర్వాత మూడడుగుల ఉడుము మొత్తము బయటికి వచ్చినది. నాలుకతో గాలిని రుచి చూస్తూ, భూస్వామి పొలము చూచుకొనే తీరున నడిచిపోయినది. మాంసము కోసము, నూనె కోసము దీనిని చంపేవారు ఇంకా ఉన్నారు. చట్టములో దీనికి పులితో సమానముగా మొదటి జాబితాలో రక్షణ ఉన్నది. "నా చిన్నప్పుడు గట్టుకు పది ఉండేవి, ఇప్పుడు ఒకటి కనబడితే గొప్ప" అన్నాడు ఆ ముసలాయన.

ఆయనకు తెలిసిన పాము పేర్లు అడిగి వ్రాసుకొన్నాము. నల్లపాంబు అన్నాడు. తమిళములో నల్ల అంటే మంచిది, అది తాచుపాము. మన చెవికి మాత్రము నలుపు అని వినిపిస్తుంది. కణ్ణాడి విరియన్ అంటే మన రక్తపింజర. కట్టువిరియన్ అంటే కట్లపాము. సురుట్టై విరియన్ అంటే మన చిన్నపింజర. ప్రాణానికి ముఖ్యముగా భయపడవలసినవి ఈ నాలుగే. మన దేశములో మూడు వందలకు పైగా పాముజాతులున్నవి, వాటిలో ఎక్కువ భాగము మనిషికి ప్రాణాపాయము చేయనివి.

పొద్దు వాలినది. వానగుంట దగ్గర ఒంటినిండా పొక్కులున్న కప్ప, తమిళులు తేరై అనేది, పురుగుల కోసము బయలుదేరినది. తడినేలలో బొద్దుగా ఉన్న ఇంకొక కప్ప వెనుకకాళ్ళతో మట్టి తవ్వుకొంటూ వెనక్కు వెనక్కు దిగి మా కళ్ళ ముందే మాయమయినది. ఎండకాలమంతా ఇవి నేలలో దాగి వానకు లేచివస్తవి. ఇక బస్సుకు పోదామని టార్చి వేసుకొని రాళ్ళబాట పట్టినాము.

నాలుగు అడుగుల ముందు, వేడి పెనము మీద నీళ్ళు చిలకరించినట్లు చప్పుడు. దీపము అటు తిప్పినాము. అడుగున్నర పొడవు ఉంటుందేమో, మట్టిరంగు ఒళ్ళు, తల మీద బాణపు గుర్తు, నిలువుచీలిక కన్ను. చుట్టలు చుట్టుకొని పొలుసులను ఒకదానికొకటి రాచి ఆ చప్పుడు చేస్తున్నది. సురుట్టై విరియన్. మేము కదలక నిలబడినాము. చాలాసేపటికి ఇంటావిడ "ఇంత చిన్నదా?" అన్నది. మళ్ళీ ఏమీ అనలేదు. ఏ సంగతి తలచుకొన్నదో అడుగవలసిన పని లేదు.

ఇంతలో సైకిలు మీద వస్తున్న ఒకాయన దిగి, విషయము చూచి కర్ర అందుకొన్నాడు. "విట్టుడుంగ అణ్ణే" అన్నది ఆమె. ఆయనకు కోపము వచ్చినది. "మీకేమమ్మా, బస్సెక్కి పోతారు. రేపు ఈ దారిన నడిచేది మా పిల్లలు" అన్నాడు. న్యాయమైన మాటే. ఆమె, "మా తమ్ముడు దీని వంటిదాని వల్లనే పోయినాడన్నా. చిన్నదే కదా అని రాత్రంతా ఇంట్లో ఉంచినారు" అన్నది. ఆయన కర్ర దించినాడు. ఆ మాటల మధ్య పాము పక్కవాటుగా జారి రాళ్ళలోకి పోయినది. ఒకటి చంపినా ఆ రాళ్ళలో ఇంకొకటి ఉండకపోదు. ఆయన కాసేపు ఊరుకొని, "అయితే ముట్టినప్పుడు ఏమి చేయవలెనమ్మా?" అని అడిగినాడు.

ఆమె చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాము. కాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించి కట్టరాదు. మనిషిని నడిపించక, కరిచిన అవయవము కదలకుండా ఉంచి, వెంటనే 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి చేర్చవలెను. పామును పట్టి తెచ్చే ప్రయత్నము వద్దు, ఆ వేటలో రెండవవారికి కాటు పడుతుంది. పేరు తెలియకపోయినా మందు ఆగదు. ఇప్పుడు వాడే విరుగుడు ఆ నాలుగు పాములకూ ఒకటే. దానికి కావలసిన విషము సేకరించే పనిలో పెద్ద భాగము చెన్నపట్టణము దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళర్ల సహకార సంఘానిది. ఒకప్పుడు తోళ్ళ కోసము పాములు పట్టిన ఆ జాతివారు, 1970లలో ఆ వ్యాపారము నిషేధమైన తర్వాత, విషము తీసి పామును మళ్ళీ అడవిలో వదిలే వృత్తిలోకి వచ్చినారు. వారిలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు, 2023లో పద్మశ్రీ వచ్చినది. ఇంత ఉండి కూడా 2000 నుండి 2019 వరకు మన దేశములో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయినారని పరిశోధకులు లెక్క కట్టినారు. వారిలో ఎక్కువమంది పల్లెలవారే. చీకట్లో దీపము లేకపోవడము, కాలికి చెప్పు లేకపోవడము, చికిత్స అందడములో ఆలస్యము, వీటి పాలు తక్కువ కాదు.

మధ్యాహ్నము ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఆ బాట మీదనే దొరికినదని మా అభిప్రాయము. చేనిలో నడిచేవానికి మహర్షి మాట ఒక్కటే చాలదు. దానితోపాటు టార్చి, బూట్లు, దగ్గర ఆస్పత్రిలో మందు ఉండవలెను. అవి ఉన్నవారికి కర్ర ఎత్తే అవసరము చాలావరకు తగ్గుతుంది.

ఇంటికి వచ్చి ఆమె నోటుబుక్కులో రెండు వరుసలు గీసి, ఆ రోజు చూచిన 11 ప్రాణుల పేర్లు ఒక వైపు తెలుగులో, ఒక వైపు తమిళములో వ్రాసినది. తెలుగు వరుసలో రెండు మూడు చోట్ల ఖాళీలు మిగిలినవి. వెనుకకాళ్ళతో తవ్వుకొని దిగిన కప్పకు మన భాషలో ఏమంటారో మాకు తెలియలేదు, విసనకర్ర గొంతు బల్లికీ తెలియలేదు. మన అమ్మమ్మలకు తెలిసే ఉంటుంది. విరుదునగర్, కోవిల్‌పట్టి, సాత్తూరు ప్రాంతాల చదువరులలో ఎవరి ఇంట్లోనైనా పెద్దవారు ఉంటే, పగటిపూటే అడిగి, ఆ పేర్లు మన పత్రికకు వ్రాసి పంపవలెనని కోరుతున్నాము.